పిల్లాడి సంగతి ఇద్దరికీ తెలియాలి: ఆటిజం, ఏడీహెచ్‌డీ ఉన్న ఇంట్లో కాపురం నిలుపుకునే మార్గదర్శి

మా బాబుకి అప్పుడు ఏడేళ్లు. మా అత్తగారికి గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అని తెనాలి నుంచి ఫోన్ వస్తే మా ఆవిడ ఆ మధ్యాహ్నమే బస్సెక్కింది. రాత్రి ఎనిమిదింటికి నేను వేడివేడి అన్నంలో పప్పు కలిపి వాడి ముందు పెట్టాను. ప్లేటు తోసేశాడు. మళ్లీ పెట్టాను. ఈసారి నేలకేసి కొట్టాడు. తొమ్మిదిన్నరకి వాడు గోడకి తల కొట్టుకుంటూ ఏడుస్తుంటే, ఇంక ఏం చేయాలో తోచక ఆసుపత్రి వరండాలో ఉన్న ఆవిడకి ఫోన్ చేశాను.

"పప్పు అన్నానికి తగలకూడదండీ. గుంటల ప్లేటు సింకు పైన అరలో ఉంటుంది. అన్నం ఒక గుంటలో, పప్పు ఇంకో గుంటలో పెట్టండి. అన్నం పూర్తిగా చల్లారాలి. స్పూను నీలం పిడిది," అంది.

అలాగే చేశాను. పది నిమిషాల్లో తినేసి పడుకున్నాడు.

అప్పటికి నాలుగేళ్లుగా వాడి థెరపీ ఫీజులు నేనే కడుతున్నాను. సెంటర్‌కి బండి మీద దింపుతున్నాను. కానీ వాడు రోజూ ఏ ప్లేటులో తింటాడో నాకు తెలీదు. ఇలాంటి పిల్లలున్న ఇళ్లలో భార్యాభర్తలు దూరమయ్యేది ఎక్కువగా ఇక్కడేనని ఆవిడ ఇంట్లో లేని ఆ నాలుగు రోజుల్లో అర్థమైంది. పిల్లాడికి సంబంధించిన తెలివిడి అంతా ఒక్కరి దగ్గరే పోగుపడిపోతుంది. తెలిసిన మనిషి అలిసిపోతుంది. తెలియని మనిషి సొంత ఇంట్లోనే చుట్టంలా మిగిలిపోతాడు. కింద రాసిన అడుగులన్నీ ఈ ఒక్క చిక్కు విప్పడానికే. మా ఇంటి అనుభవం ఆటిజం (మాట, నలుగురితో కలవడం, శబ్దాలకీ స్పర్శకీ స్పందించే తీరు వేరుగా ఉండే మెదడు ఎదుగుదల తేడా) కాబట్టి దాని గురించి ఎక్కువ రాశాను. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, నిలకడ కుదరకపోవడం), సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒంటి కదలికల మీద అదుపు తగ్గడం), మేధో వైకల్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులతో థెరపీ సెంటర్ల బయట ఏళ్ల తరబడి కూర్చుని మాట్లాడాను. వాళ్ల ఇళ్లలోనూ ఇదే చిక్కు చూశాను.

ముందు ఒక భయం తీసేసుకుందాం

"ఆటిజం పిల్లలున్న జంటల్లో నూటికి ఎనభై మంది విడిపోతారు" అన్న మాట మీరూ వినే ఉంటారు. దానికి ఆధారం లేదు. అమెరికాలో విస్కాన్సిన్ పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఆటిజం పిల్లల తల్లిదండ్రుల్లో విడాకులు 23.5 శాతం, మిగతావాళ్లలో 13.8 శాతం అని తేలింది. కెన్నెడీ క్రీగర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 2012లో ప్రచురించిన ఇంకో అధ్యయనంలో అసలు తేడానే కనిపించలేదు. ఇద్దరు తల్లిదండ్రులతో కలిసి ఉంటున్న పిల్లలు ఆటిజం ఉన్నవాళ్లలో 64 శాతం, లేనివాళ్లలో 65 శాతం.

విస్కాన్సిన్ అధ్యయనంలో నాకు ఎక్కువ పనికొచ్చింది ఇంకో సంగతి. మామూలు ఇళ్లలో పిల్లాడికి ఎనిమిదేళ్లు దాటాక విడిపోయే ప్రమాదం తగ్గుతూ వచ్చింది. ఆటిజం ఉన్న ఇళ్లలో మాత్రం పిల్లాడు పెద్దవాడయ్యే దాకా అది తగ్గలేదు. మిగతా ఇళ్లలో పిల్లలు పెరిగేకొద్దీ చాకిరీ తగ్గుతుంది, మనకు తగ్గదు కదా. అందుకే "ఈ రెండేళ్లు ఎలాగో లాగేద్దాం" అన్న లెక్క మనకు సరిపడదు. ఇరవై ఏళ్లు నడవగలిగే వేగం చూసుకోవాలి.

మన దగ్గర కోర్టు దాకా వెళ్లేవాళ్లు తక్కువే. ఒకే ఇంట్లో ఉంటూ స్కూలు ఫీజు, గ్యాస్ బండ తప్ప ఇంకో మాట లేకుండా బతికే జంటలు ఎక్కువ. నాకు దిగులు వాళ్ల గురించే.

మొదటి అడుగు: డాక్టరు మాట ఇద్దరూ ఒకేసారి వినండి

ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, కావాల్సింది వేలితో చూపించకపోవడం, వచ్చిన నాలుగు మాటలూ ఆగిపోవడం లాంటివి కనిపిస్తే ఆలస్యం చేయకండి. జిల్లా ఆసుపత్రుల్లో డైస్ సెంటర్లు (డీఈఐసీ, పిల్లల ఎదుగుదల లోపాల్ని ముందే గుర్తించే కేంద్రాలు) ఉన్నాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పనిచేస్తాయి, పరీక్షలు ఉచితం. సికింద్రాబాద్ బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది. 1984 నుంచి నడుస్తోంది, పాతవాళ్లు ఇప్పటికీ ఎన్ఐఎంహెచ్ అనే అంటారు.

ఆ రోజు సెలవు పెట్టి ఇద్దరూ వెళ్లండి. ఒక్కరే వెళ్లి వచ్చి ఇంకొకరికి చెప్తే, విన్న మనిషికి కోపం వచ్చేది చెప్పిన మనిషి మీదే. మా ఆవిడ మొదటిసారి ఒక్కతే వెళ్లొచ్చింది. సాయంత్రం ఆ మాట చెప్తుంటే నేను అన్న మొదటి మాట, "నువ్వు ప్రతిదానికీ ఊరికే టెన్షన్ పడతావు." ఆ మాట ఆవిడ ఇప్పటికీ మర్చిపోలేదు.

అడగాల్సినవి ముందే కాగితం మీద రాసుకోండి. డాక్టరు ఒప్పుకుంటే ఫోన్లో రికార్డు చేసుకోండి. "ఆటిజం" అన్న మాట చెవిన పడ్డాక ఆ గదిలో ఇంకేం చెప్పారో చాలామందికి గుర్తుండదు.

ఇద్దరికీ ఒకేసారి నమ్మకం కుదరాలని లేదు. సాధారణంగా తల్లికి ముందే అనుమానం ఉంటుంది. తండ్రి, తండ్రి తరపువాళ్లు "మగపిల్లలకి మాటలు లేటుగానే వస్తాయి, మా తమ్ముడికీ ఐదేళ్లకి వచ్చాయి" అంటూ నెలలు గడిపేస్తారు. నమ్మకం కుదిరేదాకా వాదించుకుంటూ కూర్చోవద్దు. ఆటిజం అన్న పేరు మీద ఒప్పుకోలు లేకపోయినా మాటలు రావడం లేదన్నది ఇద్దరికీ కనిపిస్తూనే ఉంది. స్పీచ్ థెరపీ మొదలుపెట్టడానికి ఆ ఒప్పుకోలు చాలు. పేరు సంగతి ఆరు నెలల తర్వాత మాట్లాడుకోవచ్చు.

రెండో అడుగు: తప్పెవరిదన్న లెక్క మూసేయండి

ఈ అడుగు వేయకపోతే మిగతావేవీ పడవు.

ఆటిజాన్ని లియో కానర్ అనే డాక్టరు 1943లో పదకొండు మంది పిల్లల్ని చూసి వర్ణించాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్ల పాటు, ప్రేమ చూపించని తల్లుల వల్లే ఇది వస్తుందని పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లే అన్నారు. 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అనే సైకాలజిస్టు ఆ వాదాన్ని గట్టిగా తిప్పికొట్టాడు. అది మెదడు ఎదుగుదలకు సంబంధించిన విషయమని చూపించాడు. ఆయన కూడా ఒక ఆటిజం పిల్లాడి తండ్రే. టీకాల వల్ల వస్తుందని 1998లో ఒక పత్రికలో వచ్చిన వ్యాసాన్ని ఆ పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. సైన్సు ఎప్పుడో కొట్టేసిన మాటలు మన ఇళ్లలో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణంలో తిరిగిందని ఒకరంటారు, ఉద్యోగానికి పోయి పిల్లాణ్ణి ఆయాకి వదిలిందని ఇంకొకరంటారు, ఫోన్ చేతికిచ్చి చెడగొట్టిందని మరొకరు. గమనించండి, ప్రతి నిందా తల్లి మీదే.

మేనరికం సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. దగ్గరి సంబంధాల్లో కొన్ని జన్యు సమస్యలు వచ్చే అవకాశం పెరుగుతుంది, ఇది నిజం. కానీ ఆ పెళ్లి ఇద్దరూ చేసుకున్నది, రెండిళ్ల పెద్దలూ కూర్చుని చేసింది. దాని మీద పోట్లాడుకునే బదులు జెనెటిక్ కౌన్సెలింగ్‌కి వెళ్లండి. హైదరాబాద్‌లో నిమ్స్‌ ఆసుపత్రిలో ఉంది, డీఎన్ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీలో పరీక్షలు చేస్తారు.

బంధువులతో మా ఇంట్లో ఒకటే నియమం: మీ వాళ్లకి మీరు, మా వాళ్లకి నేను. మా అమ్మకి నేనే చెప్పాలి, మా ఆవిడ చేత చెప్పించకూడదు. కోడలు చెప్తే అది గొడవ, కొడుకు చెప్తే అది మాట. నేను చెప్పింది ఇంతే: "అమ్మా, డాక్టరు చూసే చెప్పాడు, ఇది ఎవరి వల్లా వచ్చింది కాదు. ఇంక ఆ మాట ఈ ఇంట్లో రాకూడదు. వాడికి కథ చెప్పడం నీకొచ్చినట్టు మాకెవరికీ రాదు, సాయంత్రం అరగంట నువ్వు చూసుకో." మాట ఆపమన్నప్పుడే చేతికి ఒక పని కూడా ఇవ్వండి. పెద్దవాళ్ల నోట్లోంచి వచ్చే మాటల్లో సగం ఏం చేయాలో తెలియని బాధలోంచి వస్తాయి.

మొక్కులు, గుడి, తాయెత్తుల జోలికి నేను పోను. మనసుకి ఊరటనిస్తే చేసుకోండి. ఒక్కటి మాత్రం గట్టిగా పట్టుకోండి. పిల్లాడికి ఫిట్స్ మందులు నడుస్తుంటే ఎవరి మాట విని కూడా వాటిని ఉన్నట్టుండి ఆపకండి. ప్రాణం మీదికి వస్తుంది.

మూడో అడుగు: తెలివిడి పంచుకోండి

నేను ఎక్కువసేపు ఆగాలనుకున్నది ఇక్కడే.

పని పంచుకోవడం గురించి అందరూ చెప్తారు. "నువ్వు స్నానం చేయించు, నేను అన్నం పెడతాను" అన్నది మంచిదే. కానీ ఏ సబ్బు, నీళ్లు ఎంత వేడి, తల మీద మగ్గుతో పోస్తే ఏమవుతుంది, తువ్వాలు ఎలా చుట్టాలి అని ప్రతిసారీ అడిగి చేస్తే అది సగం పనే. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పే భారం ఇంకొకరి తల మీదే ఉంటుంది. కాబట్టి ఇలా చేయండి.

*ఒక పుస్తకం పెట్టండి.* రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్, వంటింట్లో కనిపించేచోట. ఫోన్లో యాప్ వద్దు, ఇంటికొచ్చిన అమ్మమ్మ కూడా తెరిచి చదవగలగాలి. వాడు ఏం తింటాడు, ఎలా పెడితే తింటాడు, ఏ శబ్దానికి చెవులు మూసుకుంటాడు (మా ఇంట్లో మిక్సీ, కుక్కర్ విజిల్, పక్కింటి డ్రిల్లింగ్), ఏడుపు మొదలయ్యే ముందు ఏ గుర్తులు కనిపిస్తాయి, మందు పేరు, మోతాదు, వేళ, థెరపిస్టు ఇచ్చిన హోంవర్క్, డాక్టర్ల నంబర్లు అన్నీ అందులో ఉండాలి. వాడి మాటలకి అర్థాలు కూడా రాయండి. మా వాడు "రైలు వెళ్లిపోయింది" అంటే బాత్రూమ్‌కి వెళ్లాలని. ఎందుకలా అంటాడో మాకూ తెలియదు. కానీ ఆ అర్థం ఇంట్లో ఒక్కరికే తెలిసి ఉన్నన్నాళ్లూ ఆ ఒక్కరు గుమ్మం దాటలేరు.

*వారానికో పూట పూర్తిగా అప్పగించండి.* ఆదివారం ఉదయం నుంచి మధ్యాహ్నం రెండు దాకా తండ్రి ఒక్కడే చూసుకోవాలి. ఆ సమయంలో తల్లి ఇంట్లో ఉండకూడదు. పక్క గదిలో ఉంటే పిల్లాడూ అక్కడికే వెళ్తాడు, తండ్రీ అక్కడికే వెళ్తాడు. పుట్టింటికో, గుడికో, స్నేహితురాలి ఇంటికో, ఏమీ లేకపోతే పార్కులో బెంచీ మీదికో వెళ్లాలి. మొదటి నాలుగు ఆదివారాలు ఘోరంగా ఉంటాయి. ఐదోది కాస్త నయం.

ఇందులో తల్లి చేయాల్సిన కష్టమైన పని ఒకటుంది. తిరిగొచ్చాక తప్పులు ఎంచకూడదు. షర్టు తిరగేసి వేసినా, జుట్టు దువ్వకపోయినా, మధ్యాహ్నం బిస్కెట్లతో సరిపెట్టినా ఆ రోజు ఏమీ అనకూడదు. మా ఆవిడ తర్వాత ఒకసారి అంది: "వాణ్ణి మీ చేతిలో పెట్టి వెళ్లడం కన్నా రాత్రంతా మేలుకోవడం నాకు తేలిక." ఎంత అలిసిపోయినా ఆ పట్టు వదలడానికి చేతులు రావు. ఏళ్ల తరబడి ఒక్కతే కాచుకున్న మనిషికి అది సహజం. ఆ మాటకి కోపం తెచ్చుకోకుండా, నమ్మకం కుదిరేదాకా తండ్రి ప్రతి ఆదివారం క్రమం తప్పకుండా నిలబడాలి.

*ఒక పని పూర్తిగా తండ్రిదే కావాలి.* మా ఇంట్లో అది క్షవరం. షాపులో మెషిన్ చప్పుడు వినగానే మా వాడు కుర్చీలోంచి దూకేవాడు. ఇద్దరు పట్టుకుంటే ఒకరు కత్తిరించేవారు. వాడి ఏడుపు వీధి చివరిదాకా వినిపించేది. నేను ఇంట్లోనే చేయడం మొదలుపెట్టాను. మొదటి శనివారం కత్తెర వాడి చేతికిచ్చి కాగితాలు కత్తిరించమన్నాను. రెండో శనివారం దువ్వెన మాత్రం తల మీద తిప్పాను. మూడో వారం చెవి దగ్గర కత్తెర ఆడించాను, జుట్టు కత్తిరించలేదు, చప్పుడు అలవాటు కావాలని. నాలుగో వారం వెనకవైపు మూడు కత్తిరింపులు. మెడ మీద పడ్డ వెంట్రుకలు వాడికి ముళ్లలా గుచ్చుకుంటాయని అప్పుడే తెలిసింది. తడిగుడ్డ పక్కన పెట్టుకుని ఒక్కో కత్తిరింపుకీ ఒకసారి తుడిచాను. ఇప్పుడు ముప్పావుగంట పడుతుంది, రెండు దఫాలుగా. అంత సొగసుగా ఏమీ ఉండదు. కానీ వాడి తల గురించి ఇంట్లో అందరికన్నా నాకే ఎక్కువ తెలుసు. వాడు కూడా జుట్టు కళ్లలో పడితే నా దగ్గరికే వస్తాడు.

*థెరపీ గది లోపలికి వెళ్లండి.* దింపి, బయట ఫోన్ చూసుకుని తీసుకురావడం కాదు. రెండు వారాలకోసారైనా సెషన్ చివరి పావుగంట లోపల కూర్చుని, థెరపిస్టు చేసింది మీ చేత్తో ఒకసారి చేసి చూపించండి. వారానికి మూడు గంటల థెరపీ ఏం చేసినా, మిగతా గంటలన్నీ పిల్లాడు ఉండేది ఇంట్లోనే.

నాలుగో అడుగు: రాత్రుళ్లు

ఈ పిల్లల్లో నిద్ర సమస్య చాలా ఎక్కువ. రాత్రి రెండింటికి లేచి పరుగెత్తే పిల్లాడి దగ్గర ఇద్దరూ మేలుకుని ఉంటే, తెల్లారేసరికి ఇద్దరూ పనికిరారు. వంతులు వేసుకోండి. పది నుంచి రెండు దాకా ఒకరు, రెండు నుంచి ఆరు దాకా ఒకరు, లేదా రాత్రి మార్చి రాత్రి. వంతు లేని మనిషి వేరే గదిలో పడుకోవాలి. ఒకే గది ఇల్లైతే చెవిలో దూది పెట్టుకుని గోడవైపు పడుకోండి.

మా రెండో నియమం, రాత్రి పది దాటాక ఏ నిర్ణయమూ లేదు, ఏ పాత గొడవా లేదు. నిద్రలేని మనిషి నోట్లోంచి వచ్చే మాటకి విలువ కట్టకూడదు.

నిద్ర పట్టకపోవడానికి మలబద్ధకం, ఐరన్ తక్కువవడం, ఫిట్స్ లాంటి కారణాలు ఉండొచ్చు. డాక్టరుకి చెప్పి చూపించండి. మెలటోనిన్ లాంటి నిద్ర మందులు పక్కింటివాళ్లు చెప్పారని వాడకండి.

ఐదో అడుగు: డబ్బు లెక్క ఇద్దరి ముందూ ఉండాలి

థెరపీ ఖర్చుకి అంతుండదు. నెల జీతంలో దీనికి ఇంత అని ఇద్దరూ కూర్చుని గీత గీయండి. ఆ గీత దాటించే ఏ కొత్త వైద్యానికైనా మా ఇంట్లో పదిహేను రోజుల గడువు, ఇద్దరి ఒప్పుకోలు. ఇది ఎందుకంటే, మూడు నెలల్లో మాటలు రప్పిస్తామనేవాళ్లు మన నిస్సహాయత మీదే బతుకుతారు. ఆటిజానికి స్టెమ్ సెల్ (మూలకణాల) చికిత్సను సిఫారసు చేయలేమని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే తేల్చింది. అయినా దానికోసం నగలు తాకట్టు పెట్టిన ఇల్లు నాకు తెలుసు. స్పీచ్ థెరపిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్, క్లినికల్ సైకాలజిస్టు ఎవరైనా సరే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. అడిగితే నొచ్చుకునేవాళ్ల దగ్గరికి వెళ్లకండి.

వచ్చే హక్కులు వదులుకోకండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, డిస్లెక్సియా లాంటి అభ్యసన సమస్యలు అందులో ఉన్నాయి, ఏడీహెచ్‌డీ ఒక్కటే ఉంటే అది ఆ జాబితాలోకి రాదు. వైకల్యం 40 శాతం లేదా అంతకన్నా ఎక్కువ అన్న సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు (వైకల్యం గుర్తింపు కార్డు) ఉంటే దారులు తెరుచుకుంటాయి. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా, థెరపీకి కూడా కొంత వస్తుంది. పెన్షన్ అర్హత ఉన్నవాళ్లకి ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి నెలకు 6,000, తెలంగాణలో 2023 నుంచి 4,016. పాత ఆదాయపు పన్ను విధానంలో ఉన్నవాళ్లకి (1961 చట్టంలో ఇది 80డీడీ సెక్షన్) 75,000, వైకల్యం 80 శాతం లేదా అంతకన్నా ఎక్కువైతే 1,25,000 మినహాయింపు. మేధో వైకల్యం ఉండి తోడు లేకుండా ప్రయాణం చేయలేనివాళ్లకి రైలు స్లీపర్ చార్జీలో 75 శాతం రాయితీ, తోడొచ్చేవాళ్లకీ అంతే. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం ఎక్కడుందో స్కూల్లో అడగండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు వైకల్యం ఉన్న పిల్లలకి సంరక్షకులైతే మామూలు బదిలీల నుంచి మినహాయింపు అడగొచ్చు.

ఈ కాగితాల పని తండ్రి తీసుకుంటే మంచిదని నా అభిప్రాయం. తిరగాల్సినచోట తిరిగితే ఇంట్లో ఆమె మోస్తున్నదేమిటో కొంత తెలుస్తుంది.

ఇంకొకటి. ఇద్దరిలో ఉద్యోగం మానేసేది దాదాపు ఎప్పుడూ భార్యే. మానేసిన రోజు నుంచే ప్రతినెలా ఆమె పేరు మీద, ఆమె ఖాతాలో ఇంత అని వేయండి. కూరగాయల డబ్బు వేరు, ఇది వేరు. జీతం వదులుకున్న మనిషి పది రూపాయలకి చెయ్యి చాచాల్సి వస్తే ఆ గాయం మానదు.

ఆరో అడుగు: పెళ్లిళ్లు, పేరంటాలు

ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ ఇంట్లో ఉండిపోవడం అలవాటు చేసుకోకండి. బ్యాండు మొదలు కాకముందే వెళ్లి, పలకరించి, అక్షింతలు ముందే వేసి వచ్చేయండి. లేదా రెండు బళ్ల మీద వెళ్లండి, వాడికి చాలనిపించగానే ఒకరు తీసుకొచ్చేస్తారు, ఇంకొకరు భోంచేసి వస్తారు. వచ్చేసే వంతు ఈసారి ఎవరిదో ఇంట్లోనే అనుకుని బయల్దేరండి. మండపంలో అందరి ముందూ కళ్లతో పోట్లాడుకునే పని తప్పుతుంది.

ఏడో అడుగు: రెండో బిడ్డ

మాకు పాప కూడా ఉంది, చిన్నది. ఒకసారి స్కూల్లో "మా ఇల్లు" అని బొమ్మ గీయమంటే అమ్మనీ అన్ననీ ఒక గదిలో, నన్ను గేటు దగ్గర, తనను కిటికీలో గీసింది. ఆ కాగితం బీరువాలో దాచుకున్నాం. ఆ వారం నుంచే తనకు రోజూ ఇరవై నిమిషాలు, ఒకరోజు నేను, ఒకరోజు వాళ్లమ్మ. "నువ్వే పెద్దయ్యాక అన్నయ్యని చూసుకోవాలి" అన్న మాట చిన్నపిల్ల చెవిన వేయకండి. ఆ భారం పెద్దవాళ్లది.

ఇంకా బిడ్డని కనాలా అన్న ప్రశ్న కొన్ని ఇళ్లలో పైకి రాకుండానే పడకగదిని మూసేస్తుంది. ఒకరు భయపడతారు, ఇంకొకరు దాన్ని దూరం పెట్టడం అనుకుంటారు. పైకి మాట్లాడండి. ఇంట్లో ఒక బిడ్డకి ఆటిజం ఉంటే తర్వాతి బిడ్డకి వచ్చే అవకాశం సుమారు 20 శాతమని 2024లో వచ్చిన పెద్ద అధ్యయనం చెప్పింది. ఆ అంకెను ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గర కూర్చుని చూడండి. ఏ నిర్ణయమైనా సరే, గర్భం రాకుండా చూసుకునే బాధ్యత ఒక్కరి మీదే వేయకండి.

ఎనిమిదో అడుగు: మీ ఇద్దరి కోసం

మా ఇంట్లో రాత్రి తొమ్మిదిన్నరకి, వాడు పడుకున్నాక, బాల్కనీలో పావుగంట. టీ వద్దనుకుంటే మజ్జిగ. ఆ పావుగంటలో పిల్లాడి మాట ఎత్తకూడదు. మొదటి వారం మాట్లాడుకోవడానికి ఏమీ దొరకలేదు. నిజంగానే ఏమీ లేదు. కింద వీధిలో వెళ్లే బళ్లు చూస్తూ కూర్చున్నాం. మూడో వారంలో ఆవిడ వాళ్ల ఊరి చెరువు గురించి ఏదో చెప్పింది. పెళ్లై పదకొండేళ్లైనా ఆ సంగతి నాకు తెలీదు.

పిల్లాడు ఇద్దరి మధ్యా పడుకునే అలవాటుంటే మెల్లగా మార్చండి. పక్కనే నేల మీద వాడి పరుపు వేసి, రెండు మూడు వారాలకోసారి అడుగు దూరం జరపండి. మాకు తొమ్మిది నెలలు పట్టింది.

పిల్లాడికి రాసిచ్చిన రిపోర్టు చదువుతుంటే "ఇది నేనే కదా" అనిపించే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. ఏడీహెచ్‌డీ, ఆటిజం కుటుంబాల్లో నడుస్తాయి. చెప్పింది మర్చిపోవడం, జనంలోకి వెళ్తే మూగబోవడం లాంటి వాటి మీద ఏళ్లుగా గొడవపడుతున్న జంటకి ఈ సంగతి తెలిస్తే సగం కోపం చల్లారుతుంది. అనుమానం ఉంటే పెద్దవాళ్లు కూడా పరీక్ష చేయించుకోవచ్చు.

రెండు వారాలకి మించి నిద్ర, ఆకలి పోయి, ఏ పని మీదా మనసు లేకపోతే, "నేనూ వీడూ లేకపోతే బాగుండు" అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్, ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. భర్త కూడా చేయొచ్చు. మగవాళ్లు ఈ దిగులుని కోపంగానో మందు సీసాగానో మార్చుకుంటారు, అది దిగులని వాళ్లకే తెలీదు.

కొట్టే ఇంట్లో మాత్రం ఈ అడుగులేవీ పనిచేయవు, సర్దుకుపొమ్మని నేను అనను. 181 మహిళా హెల్ప్‌లైన్. పిల్లాడి కోసమైనా ఆ ఫోన్ చేయండి.

తొమ్మిదో అడుగు: మన తర్వాత

ఈ మాట ఎత్తడానికి ఇద్దరికీ గుండె ధైర్యం చాలదు. అందుకే తేదీ పెట్టుకుని ఎత్తండి. మేం పెళ్లిరోజు మర్నాడు పెట్టుకున్నాం, ఏడాదికోసారి, గంటసేపు.

అందులో చూడాల్సినవి: ఇద్దరి వీలునామాలు, పిల్లాడి పేరు మీద నేరుగా కాకుండా ట్రస్టు ద్వారా ఆస్తి పెట్టే విషయం లాయరుతో మాట్లాడటం, బీమా నామినీలు, లాంగ్ నోట్‌బుక్ కొత్త కాపీ ఎవరి దగ్గర ఉంచాలన్నది. నేషనల్ ట్రస్ట్ కింద కొన్నాళ్లు ఉంచుకునే సమర్థ్ కేంద్రాలు, పెద్దవాళ్లయ్యాక జీవితాంతం ఉండే ఘరోండా ఇళ్లు ఉన్నాయి. మీకు దగ్గరలో ఉన్నవి ఇప్పుడే ఒకసారి చూసి రండి, అవసరం పడ్డ రోజున వెతకడం కష్టం.

పద్దెనిమిదేళ్లు నిండగానే చట్టం ముందు మన పిల్లాడు మేజరు. బ్యాంకులో, ఆస్తి కాగితాల మీద వాడి తరఫున తల్లిదండ్రులమని సంతకం పెట్టే అధికారం ఆ రోజుతో పోతుంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లకి 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, జిల్లా కలెక్టర్ అధ్యక్షతన ఉండే లోకల్ లెవెల్ కమిటీ సంరక్షకుల్ని నియమిస్తుంది. మా వాడికి ఇప్పుడు పదకొండు. ఇంకా ఏడేళ్లుంది. అయినా ఆ నిబంధనలు తెచ్చుకుని చదివాం. తల్లిదండ్రులిద్దరూ ఉన్నచోట ఆ దరఖాస్తు ఇద్దరూ కలిసి పెట్టుకోవాలని ఉంది.